కాలవలు కట్టేసిన నెల

పాత ఇనుముతో పాటు తూకానికి వచ్చింది
బిస్కెట్ల డబ్బా.
మూత మీద తుప్పు, లోపల ఒండ్రు,
ఒండ్రు కింద టేపు చుట్ట ఒకటి.
ఎనభయ్యారు వరదలో మునిగి
ఏ అటక మీదో ఆరినట్టుంది.

అట్టముక్క మీద పెన్సిలు రాత:
"పెద్ద బాణీ. నాలుగు భాగాలు.
నడిపించినది గెడ్డం సువార్తయ్య,
లస్కరు, లొల్ల లాకులు.
అరవై ఒకటి, కాలవలు కట్టేసిన నెల."

నలభై ఏళ్లుగా ఆత్రేయపురంలో రేడియోలు బాగుచేస్తున్నాను.
బుర్రకథలు, పెళ్లి మంత్రాలు, చచ్చిపోయినవాళ్ల దగ్గులు
అన్నీ టేపుల్లోంచి పైకి తీశాను.
పడవలకి తలుపులు తీసే మనిషి
సింఫనీ నడిపించాడంటే మాత్రం
ముందు నవ్వొచ్చింది, నిజం చెప్పాలి కదా.

చుట్టంతా అతుక్కుపోయింది.
పక్కింటి సత్తెవతి పూతరేకులు చుడుతూ చూసి
"అలా లాగితే చిరిగిపోద్దండీ, లెగండి" అంది.
తడిగుడ్డ అద్ది, ఊపిరి బిగబట్టి,
కుండ మీంచి రేకు లేపినట్టు
పొర వెంట పొర తీసింది.
మూడు మధ్యాహ్నాలు.
గది నిండా పులిసిన గంజి వాసన.

అట్ట వెనక ఇంకో నాలుగు ముక్కలు.
మిషన్ ఆస్పత్రి డాక్టరమ్మ కాగితాలిచ్చి
తానే టేపు తిప్పిందట.
కాలవ కడితే లస్కరుకి పని లేదు,
పడవవాళ్లకి కూలి లేదు.
ఎండిపోయిన లాకు అడుగున
అందర్నీ కూచోబెట్టి నేర్పాడట.

మొదట గరగర. తరవాత ఒక కాకి.
తరవాత పెళ్లి బ్యాండు క్లారినెట్లు రెండు
చెప్పులు గుమ్మం బయట విడిచి
లోపలికొచ్చినట్టు వచ్చాయి.
ఫిడేళ్లు ఉండాల్సిన చోట మూడు హార్మోనీ పెట్టెలు,
ఒకదానికి నిషాదం పలకదు.
లోతుగా తంత్రులు మోగాల్సిన చోట
ఎవరో నలుగురు నోరు మూసుకుని మూలుగుతున్నారు.
గెడ వేసేవాళ్లే అయివుండాలి,
ఊపిరి సరిగ్గా తోపు దగ్గర తెగుతోంది.
ప్రతి స్వరాన్నీ రాతిగోడ
ఇంకోసారి అంటోంది.

ఇదే సింఫనీ నాకు తెలుసు.
నూరుమంది వాయించింది,
పేరుమోసిన దొర ఎవరో నడిపించింది,
రాత్రుళ్లు షార్ట్‌వేవ్‌లో విన్నాను.
అందులో రెండో భాగం తొమ్మిది నిమిషాలు.
సువార్తయ్యకి పదిహేను పట్టింది.
చేతగాక అనుకున్నాను.
మళ్లీ వేశాను. కాదు.
ఆయన నీళ్లు నింపుతున్నాడు.

పడవ లాకులోకి వచ్చాక వెనక తలుపులు మూస్తారు,
చిన్న తూములు ఎత్తుతారు.
పై నీరూ కింది నీరూ ఒక మట్టానికి వచ్చేదాకా
అరటిగెలలవాడు తిట్టినా
పెళ్లివారి పడవలో ముహూర్తం మించిపోతున్నా
తలుపు తీసేది లేదు.
తీద్దామన్నా రాదు, నీరే పట్టుకుని ఉంటుంది.

మూడో భాగం లేదు. ఒండ్రు తినేసింది.
మిగిలింది వానలాంటి హోరు, ఆరు నిమిషాలు.
దాన్ని కత్తిరించలేదు నేను.

హోరు తగ్గాక, నాలుగో భాగం ముందు,
పదకొండు సెకన్లు ఏమీ లేదు.
ఎవరో దగ్గు ఆపుకుంటున్నారు.
ఎవరి వేలో తొందరపడి మెట్టు తాకింది.
అప్పుడొక మగగొంతు, గట్టిగా కాదు:
"ఉండండి."

ఆ తరవాత తలుపులు తెరుచుకున్నాయి.
సత్తెవతి పిండిచేతులు
గాల్లోనే ఉండిపోయాయి.

లొల్ల వెళ్లాను. పడవలు లేవు,
ఫొటోలు తీసుకునేవాళ్లున్నారు.
మనవడు జెకర్యా ఆటో తోలుతున్నాడు.
"తాతకి బ్యాండా? తెలీదండి.
నీళ్లొదిలేవోడని తెలుసు."
లాకు గట్టు మీద ఆటో ఆపించి
అందులో స్పీకరుకే పెట్టి వినిపించాను.
క్లారినెట్లు వస్తుంటే ఫోను చూసుకున్నాడు.
హోరు దగ్గర, పాడైపోయిందాండీ అన్నాడు.
"ఉండండి" అన్న చోట
ఆగి ఉన్న ఆటోకి బ్రేకు తొక్కాడు.

మళ్లీ వెయ్యండి, అన్నాడు.
పాట వద్దండి. ఆ మాట.